ఉప్పు రెండుసార్లు

పన్నెండు పేజీలు రాశాను.
వేటకెళ్ళిన మొగుడు మూడో రోజుకీ రాకపోతే
ఒడ్డున మిగిలిన మనిషి కూతురితో ఏమంటుందో
ఉపమానాలు ఏరి ఏరి రాశాను,
తెర అడుగున నల్లపెట్టెలో
అక్షరం వెనక అక్షరం తడబడుతూ పడేలా.

వన్‌టౌన్‌లో వలదారం అమ్మే కొట్టు మీద మా స్టూడియో.
రెండు గదులు. ఒక ఏసీ, అదీ చలికాలంలోనే పనిచేస్తుంది.
ఆట పరీక్షించడానికి అరిజిలి ఎల్లాజీ వచ్చాడు,
జాలారిపేట కుర్రాడు,
గంటకి నూటయాభై, మధ్యాహ్నం బిరియానీ పొట్లం.
కుర్చీలో కాళ్ళు మడుచుకు కూర్చుని
కంట్రోలర్ అందుకున్నాడు.

టక్. టక్. టక్. టక్.
నలభై సెకన్లలో
నా పన్నెండు పేజీలూ కొట్టుకుపోయాయి.

"చదవలేదేం?"
"సదవడానికైతే పుస్తకం కొనుక్కుందును గదక్కా.
ఆవిడ మాటాడతన్నంతసేపూ
నా సేతులు కట్టీసినట్టుంది."

పిల్లని ఒడ్డుకి నడిపించాడు.
పడవ తోయబోయాడు, కదల్లేదు.
వల ఎత్తబోయాడు, వేళ్ళు దాన్లోంచి దూరిపోయాయి.
చివర్లో నేను పెట్టిన రెండు దారులూ తొక్కాడు:
హార్బరుకెళ్ళి అడుగు. ఇంట్లోనే ఉండు.
రెండింటి కొసనా అదే ఇసక, అదే విరిగిన తెడ్డు.
"రెండు తలుపులెట్టి ఒకే గదా? మోసం," అని
బిరియానీ విప్పుకున్నాడు.

ఆ రాత్రి నిద్రపట్టక వాడితో వాదించాను, వాడు లేకుండానే.
ఒరేయ్, ఈ ఊళ్ళో ఏ వీధి దిగినా చివర సముద్రమే కదా.
కానీ కురుపాం మార్కెట్లోంచి వచ్చినవాడు
ఒంటి నిండా ఎండుమిర్చి ఘాటుతో తుమ్ముతూ చేరతాడు.
పెదవాల్తేరు నుంచి దిగినవాడి చెవిలో
పోలమాంబ గుడి గంట ఇంకా ఊగుతుంటుంది.
కేజీహెచ్ వాలు దిగినవాడి చేతిలో
రిపోర్టుల కవరు.
నీళ్ళు అవే.
ముగ్గురూ చూసేది ఒకటేనని ఎవరనగలరు?
కొస మార్చక్కర్లేదు.
దారి ఒంటికి అంటుకోవాలి, అంతే.

మర్నాడు అడిగాను, అడక్కూడదనుకుంటూనే:
మీ ఇంట్లో ఎప్పుడైనా...
వాడి బొటనవేలు ఖాళీగా కదిలింది కాసేపు.
"మా పిన్ని ఏటీ అన్లేదు.
గంజిలో ఉప్పేసింది. మళ్ళీ ఏసింది.
మేం అలాగే తాగీసినాం."

పేజీలు చెరిపేశాను.
తవిటినాయుడు కుండ గీశాడు, కింద మంట పెట్టాడు.
దగ్గరికెళ్తే ఒక్క బటన్ వెలుగుతుంది.
నొక్కితే ఉప్పు.
మళ్ళీ నొక్కితే మళ్ళీ ఉప్పు.
చాలని ఆట చెప్పదు.
హార్బరుకెళ్ళొచ్చిన పిల్లకి గంజి చల్లారి ఉంటుంది.
ఇంట్లోనే ఉన్న పిల్లకి చెయ్యి కాలుతుంది.
తల్లికి మాత్రం ఒకే ఒక్క మాట మిగిల్చాను:
"తాగు."

గురువారం ఏదో లెక్క తప్పి
పడవ ఇసక వదిలి గాల్లోకి లేచింది,
డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ మీద వాలి ఊగసాగింది.
పొట్టలు పట్టుకు నవ్వాం ముగ్గురం.
నవ్వుతూ నవ్వుతూనే ఎల్లాజీ అన్నాడు,
"అక్కడ్నించైతే అగుపడతాడేమో."

తవిటినాయుడు ఆ తప్పు ఇంకా దిద్దలేదు.
నేనూ గుర్తుచేయలేదు.

శనివారం మళ్ళీ ఆడాడు.
కుండ దగ్గరికొచ్చాడు.
ఒకసారి నొక్కాడు.
తెర మీద ఆవిరి.
రెండోసారికి బొటనవేలు బటన్ మీద ఆనింది,
నొక్కలేదు, తీయలేదు.

కిటికీ అవతల పోర్టులో ఏదో ఓడ కూసింది.
ఆటలోదే అనుకుని
తవిటినాయుడు చెయ్యి చాచి
సౌండ్ తగ్గించాడు.