బొమ్మకు వీపుండదు

హెస్టర్ మేడం పుస్తకం తెచ్చింది.
మనామా సూకు వెనక, మా దుకాణం మెట్టు మీదనే తెరిచింది.
నాలుగు వందల ఏండ్ల కిందటి దొరసాని,
సున్నమేసిన గోడ లెక్క మొఖం,
మెడ చుట్టూ తెల్లటి విస్తరి.
తలకాయ వడ్డించినట్టుంది, అన్న.
మేడం నవ్వి దాని పేరు చెప్పింది: రఫ్.
మార్చిల పిల్లలు నాటకం ఆడుతరట,
ఇరవై రెండు జతలు.

మెడ కొలత రాసుకున్న. నడుం రాసుకున్న.
"వెనక ఎట్లుంటది?" అని అడిగిన.
మేడం పేజీలు తిప్పింది.
ఇంకో దొరసాని, తొడల దాక మేజోళ్లేసిన దొర,
గౌను తొడిగిన మగపిల్లగాడు.
అందరూ మన దిక్కే చూస్తున్నరు.
మూడేండ్ల సంది వెతుకుతున్నదట ఆమె,
సమాధుల మీది రాతి బొమ్మలల్ల, వీలునామాలల్ల,
"నా నల్ల మఖ్మల్ గౌను మా చెల్లెకు" అని రాసిన కాడ సుత.
వెనక కుట్టు ఏడ పడ్డదో ఒక్కరూ చెప్పలేదు.

పందొమ్మిదేండ్ల సంది నేను చూసేది వీపులే.
టేపు ఈ భుజం నుంచి ఆ భుజానికి పట్టంగ
ఎవరైనా అద్దం దిక్కే చూసుకుంటరు.

నడుం నిలబడేందుకు తిమింగలం ఎముక కావాలన్నది.
మా రూము ఎల్లేశం సిత్రా సైటుల ఎలక్ట్రిషను,
జేబు నిండ కేబుల్ టైలు తెచ్చి మంచం మీద కుప్పవోసిండు.
"తిమింగలం సచ్చింది, తీస్కో."
లంగా వలయాలకు ఏసీ నీళ్ల పైపు.
ముత్యాలకు పక్క దుకాణం బూ ఖలీల్,
కిలో లెక్కన అమ్ముతడు, అన్నీ ప్లాస్టిక్.
వాళ్ల తాత ముక్కుకు చిమటా పెట్టి, కాలికి రాయి కట్టి
సముద్రంల మునిగేటోడట.
చెవులు పోయినయి, అప్పు పోలేదు.
బూ ఖలీల్ దొరసాని జడ మీద వేలు పెట్టి
"ఇవి మావి కావచ్చు" అన్నడు.
మేడం అవుననలేదు, కాదనలేదు.
పెన్సిలుతోటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నది.

మొదటి రఫ్ ఏసీల పువ్వు లెక్క నిలబడ్డది.
గల్లీలకు తెచ్చిన్నో లేదో, ఉక్కకు
వాడిన తోటకూర అయింది.
డబ్బాల గంజి ఈ ఊరి గాలికి ఆగదు.
ఆ రాత్రి అన్నం వండి గంజి వంచిన.
సిరిసిల్లల నాయిన వాకిట్ల పడుగు సాచి
కుంచెతోటి పోగు పోగుకు గంజి పెట్టేటోడు.
చిక్కగైతే పోగు అలుగుతది,
పలుచగైతే ఏడుస్తది, అనేటోడు.
నేను మగ్గం ఇడిసి కత్తెర పట్టిన.
గంజి మాత్రం చేతికి మతికి ఉన్నది.
కబాబు చువ్వ కాల్చి ఎనిమిదంకె మడతలేసిన,
నూట పన్నెండు.

మేడం ముట్టి చూసి చానాసేపు ఏమనలేదు.
అప్పట్ల ఒక అడవి గడ్డ నుంచి గంజి తీసేటోళ్లట.
పెట్టే ఆడోళ్ల చేతులు పొక్కులెక్కి పగిలేవట.
"వాళ్ల పేర్లున్నయా?"
"లేవు. దొరసాన్లవి ఉన్నయి."
మఖ్మల్ ఎవరు తొడగాల్నో, ఉన్ని ఎవరు తొడగాల్నో
చట్టమే ఉండెనట ఆ రాజ్యంల.
అప్పుడే బయట బస్సు ఆగింది.
నీలం బట్టల కంపెనీ దిగింది,
నారింజ బట్టల కంపెనీ ఎక్కింది.
నేను సూదిల దారం ఎక్కిస్తున్న.

నాటకం నాడు నన్ను తెర పక్కన నిలబెట్టిన్రు,
తాళ్లు బిగించేందుకు.
ముందటోళ్లు ఏం చూసిన్రో నాకు తెల్వదు.
నాకు నాటకం మొత్తం వీపులే,
నేను ఉహించి కుట్టిన వీపులు.
మూడో అంకంల రాణి నడుం కాడ
కేబుల్ టై కొస ఒకటి బయటికొచ్చింది,
దానికి సిమెంటు ఇంకా అంటుకొనే ఉన్నది.
పిల్ల వెలుగులకు పోకముందే వేలుతోటి లోపలికి నెట్టిన.
"థాంక్యూ అంకుల్" అన్నది,
వెనక్కి తిరగకుండనే.