ముప్పై వేల ముప్పై ఒకటి

నా ఉద్యోగం పేరే నంబర్ టేకర్.
గూడ్సు వస్తే పక్కన నడవాలి,
వ్యాగన్ల ఒంటి మీది అంకెలు పుస్తకంలోకి ఎక్కించాలి.
బొగ్గెవరిదో, ఎరువెవరిదో నాకక్కర్లేదు.
బెజవాడ యార్డులో, రోహిణి కార్తెలో,
పట్టా మీద నీళ్ళు పడితే చుయ్‌మనే మధ్యాహ్నం
అంకెలే నాకు నీడ.

ముందు 30030 వచ్చింది.
రెండో ఎక్కంలో పోతుంది, మూడులో, అయిదులో, ఏడులో,
పదకొండులో, పదమూడులో కూడా.
ఎవరు విస్తరేసుకు కూర్చున్నా
కాదనకుండా వడ్డించే రకం.

వెనకే, కప్లింగు అవతల, 30031.
అదే తుప్పు, అదే సింగరేణి బొగ్గు.
ఒకటి ఎక్కువ, అంతే.
రెండు అడిగినా, మూడు అడిగినా, పదమూడు అడిగినా
ఆ ఒకటే శేషం, అదే జవాబు.

వ్యాగన్ పక్కమీదే సుద్దతో మొదలెట్టాను.
పదిహేడుకి తొమ్మిది మిగిలింది.
ఇరవై మూడుకీ ఇరవై తొమ్మిదికీ
మాట్లాడుకున్నట్టు పదహారే పదహారు.
నలభై ఏడుకి నలభై అయిదు, ఇంకో రెండుంటే దొరికేది.
యాభై మూడుకి ముప్పై మూడు.
అప్పుడు సిగ్నల్ పడింది.
షంటర్ బాజీ జెండా ఊపాడు.
నా లెక్క కృష్ణ బ్రిడ్జి ఎక్కి తెనాలి వైపు వెళ్ళిపోయింది.

నూట డెబ్భై మూడు దాకా చూడాలని తెలుసు.
తెలిసే, పుస్తకం అంచున రాశాను: ప్ర.
ప్రధాన సంఖ్య. ఎవరికీ లొంగనిది.
బాజీ దగ్గర టీ పందెం కూడా గెలిచాను.
పాపం, వాడు ఏడుతో ఒక్కసారి చూసి ఊరుకున్నాడు.

పద్దెనిమిదేళ్ళు ఆ ‘ప్ర’ జేబులో పెట్టుకు తిరిగాను.
ఇంక్రిమెంటు ఆపినప్పుడు,
రైల్వే ఆసుపత్రి వరండాలో, లోపల మా రూతుకి ఆపరేషన్ అవుతుంటే,
30031, 30031 అనుకున్నాను,
ముక్కలు కానిది ఒకటైనా ఉంది కదా అని.

మొన్న రాయనపాడు వర్క్‌షాపులో కనబడింది,
తుక్కు వరసలో, సగం చెరిగిన సున్నాతో.
గ్యాస్ కట్టర్ కుర్రాడు భోజనానికెళ్ళాడు.
సుద్ద నా దగ్గరే ఉంది.
ఆగిన చోట మొదలెట్టాను. యాభై మూడు తర్వాత యాభై తొమ్మిది.

మూడొందల్లో అయిదుసార్లు, మిగిలింది అయిదు.
మూడు దించితే యాభై మూడు. మళ్ళీ నువ్వేనా!
చాలదు, సున్నా పెట్టు. ఒకటి దించు.
యాభై తొమ్మిది తొమ్ములు అయిదొందల ముప్పై ఒకటి.
శేషం లేదు.

ఒక్క మెట్టు.
ఆ రోజు సిగ్నల్ ఇంకో రెండు నిమిషాలు పడకపోతే.

59, 509.
ఒకే మొహం, ఒకదాని మధ్యలో సున్నా.
వాటి మటుకు అవి ప్రధానాలే, రెండూ.
చెరపబోయి చెయ్యాపాను,
ఎలాగూ సాయంత్రానికి ఇనుమే ఉండదు.

బాజీకి ఫోన్ చేసి ఒప్పుకున్నాను.
"ఎన్ని ముక్కలు?"
రెండు.
"రెండేనా? కప్లింగు ఒకటి చాల్లే" అన్నాడు
ముప్పై ఏళ్ళు వ్యాగన్లు కలిపినవాడు.
టీ డబ్బులు మాత్రం అడిగాడు,
ఇప్పటి రేటుకి.