మూడో కొలత

ఈ రోడ్డు నాకు కొత్త కాదు.
రెండుసార్లు నడిచాను దీని మీద,
ఇది పుట్టకముందే.

మొదటిసారి నాకు ఇరవయ్యొక్కేళ్ళు.
కిషినావ్ శివార్లలో, ట్రాలీబస్సు వెనక్కి తిరిగే చోట
సున్నా అని ఎర్రరంగుతో రాసిన గూటాన్ని
నా చేత్తోనే దిగ్గొట్టాను.
అక్కణ్ణుంచి పడమటికి, ప్రూట్ నది దాకా,
దేశం అయిపోయే కంచె దాకా
గొలుసు ఒక కొస నాది,
రెండో కొస ఇంజనీరు కొర్నేలియుది.
రాత్రిళ్ళు బడుల్లో పడుకునేవాళ్ళం,
పిల్లల బెంచీలు రెండేసి జోడించుకుని.
కాళ్ళు బయటికే ఉండేవి.

రోడ్డు రాలేదు.
మంత్రులు మారారు, రోడ్డుకి పేరు మారింది.
ఆలూ లేదు, చూలూ లేదు,
నామకరణాలు మాత్రం ఇప్పటికి మూడు.

రెండోసారికి గొలుసు పోయి
ముక్కాలిపీట మీద గాజుకన్ను వచ్చింది.
కొర్నేలియు జుట్టు కూడా పోయింది.
పాత రోడ్డుకి అటూ ఇటూ ఉన్న అక్రోట్ చెట్లని లెక్కపెట్టాం,
ఒక్కోదాని మొదట్లో సున్నంతో అంకె వేస్తూ.
అంకె పడిందంటే గొడ్డలి పడుతుందని.
నాలుగొందల పన్నెండో చెట్టు కింద
బకెట్లో కాయలమ్మే ముసలి పంతెలేయి
ఆగిన లారీవాళ్ళని అడిగేవాడు,
"ఏ నంబరు చెట్టువి కావాలి?"
సున్నం వానలకి కరిగిపోయింది.
చెట్లు ఆ ఏడూ కాశాయి, పై ఏడూ కాశాయి.
పంతెలేయి లేడిప్పుడు.

ఈసారి మా నెత్తిన తుమ్మెదలా డ్రోను.
వియోరికా అని పాతికేళ్ళ పిల్ల
అద్దం మీద వేలితో రోడ్డు గీస్తుంది.
కొండ అడ్డొస్తే వేలు కాస్త వంచుతుంది.
అయినా గూటాలు కావాలి,
గూటాలు కొట్టడానికి నేను కావాలి.
ఉపగ్రహానికి సుత్తి పట్టడం రాదు.

అరవై మూడో కిలోమీటరు దగ్గర, ద్రాక్షతోట పక్కన
యెఫ్రోసినియా పెరడు.
టమాటాలు విరగకాశాయి.
మొక్కమొక్కకీ ఊతంగా ఓ కొయ్య.
వంగి చూశాను.
నా చేతిరాతే.
అరవై మూడు. అరవై మూడుంపావు.
ఒకటి తలకిందులుగా, ఒకటి సగం చెదలు తిని.
రెండు ప్రభుత్వాల గూటాలు ఒకే వరసలో
ఏ పేచీ లేకుండా నిలబడి ఉన్నాయి.

"మొదటివి ఓక్ కర్రవి, రాయిలా ఉన్నాయి," అంది
నా కొత్త గూటాన్ని చేత్తో తూచి.
"ఇవి ఉత్త పైను. రెండు వానలకి పుచ్చుతాయి.
మీ మంత్రికి చెప్పు."

పొలానికి ఎంతిస్తారని అడగలేదు.
రోడ్డు అవతల పడిపోయే శ్మశానంలో
మొగుడి దగ్గరికి ఎట్నించి వెళ్ళాలని అడగలేదు.
అవన్నీ మొదటిసారే అడిగేసింది.
రాసుకోవడానికి అప్పుడు నా చెవి మీద పెన్సిలుండేది.

వియోరికా ఉండబట్టలేక చెప్పింది,
"గంటలో సరిహద్దులో ఉంటావు, పెద్దమ్మా!"
"అక్కడ క్యూ ఎంతసేపు?"
పిల్ల అద్దంలోకి చూసింది.
అందులో క్యూ లేదు.

నాలుగో రోజు సాయంత్రం నది చేరాం.
అవతలి ఒడ్డున, పచ్చ చొక్కా తొడుక్కుని
ఎవడో నా ఈడువాడు గూటం కొడుతున్నాడు.
వాళ్ళ రాజధాని నుంచి ఇటు వచ్చే రోడ్డుకి.
వాణ్ణి ఇదివరకు రెండుసార్లు చూశాను.
పేరు తెలీదు. చెయ్యెత్తాను, ఎత్తాడు.
మళ్ళీ సుత్తి దించాడు.
దిగిన కాసేపటికి గానీ
ఆ చప్పుడు నీళ్ళ మీదుగా ఇటు రాలేదు.

రాత్రి లెక్క రాస్తుంటే వియోరికా అడిగింది,
అరవై మూడు దగ్గర
రెండు గూటాలు తగ్గాయేమిటని.
నేల మెత్తగా ఉందక్కడ, అన్నాను,
లోపలికంటా దిగిపోయాయని.