నీలి అట్ట

మాలియా బస్టాండ్ల శుక్రారం అంటే
నాకు రెండు బండ్ల చెత్త ఎక్కువ.
పొద్దుతిరుగుడు గింజల పొట్టు, చాయ్ కప్పులు,
ఇంటికి పైసలు పంపిన రసీదులు,
ఏడ్చి పారేసిన టిష్యూలు.
ఇండ్లల్ల పనిచేసే ఆడోళ్లు ఆ ఒక్కపూటే బయటపడ్తరు.
వారం మాటలన్నీ నిలవడి మాట్లాడ్తరు.

ఆ మందిలనే వస్తది సుగుణమణి.
రాజోలు దిక్కు మనిషి.
ఏదో పెద్దింట్ల ముసలమ్మను లేపుడు, పండవెట్టుడు ఆమె పని.
భుజానికి బాస్మతి బియ్యం సంచి,
లోపల అరచెయ్యంత పుస్తకాలు, నీలి అట్టలు.
తెలుగువి, తమిళంవి, నేపాలీవి,
ఇంకోటి కోడి గీరినట్టుంటది, హబషీ ఆడోళ్లదట.

"ఊరికేనే అన్నయ్యా, డబ్బులేం వద్దండి" అంటది.
ఊరికేనే అంటే నాకు భయం.
ఊరికేనే వీసా అన్నోడే లక్షన్నర గుంజిండు.

తీసుకోలే.
ఎములాడ రాజన్నకు కోడె మొక్కు
తొమ్మిదేండ్ల సంది బాకీ ఉన్న,
ఇంకో దేవునికి బాకీపడే తాకత్ లేదన్న.
నవ్వింది.
"బాకీ కాదండి, చదువుకోడానికి."

ఆ మాట కాడ ఆగిన.
పచ్చడి ప్యాకెట్ మీద తప్ప
తెలుగు అక్షరం చూడక ఎన్నేండ్లాయె!
ఫోన్ల బిడ్డ మాట వస్తది, నవ్వు వస్తది,
దస్తూరి రాదు.
గుండ్రటి 'అ' ఎట్ల తిరుగుతదో
మబ్బుల లేసి గోడ మీద వేలితోని
రాసి చూసుకున్న దినాలున్నయి.

అయినా తీసుకోలే.

ఒకనాడు ఇద్దరు అఫ్సర్లు దిగిండ్రు.
చర్చి గేటు లోపల ఏమన్న పంచుకో,
రోడ్డు మీద మాత్రం వద్దు. అది అందరికెరుకే, ఆమెకూ ఎరుకే.
నా బండి పక్కపొంటి నడుస్తనే
సంచి అండ్ల పడేసింది.
నా మొఖం దిక్కు చూడలే. నేను గూడ చూడలే.
పైన అరటి తొక్కలు, ఒక తడి అట్టపెట్టె కప్పి
బండి నూకుకుంట పోయిన.
చక్రం ఒకటి కిర్రుకిర్రుమంటనే ఉన్నది,
దాని నోరు మూయలేకపోయిన.
వెనక ఆమె కార్డు అడిగి ఏదో రాసుకుంటున్నరు.
బస్సొచ్చింది, మంది అడ్డమొచ్చింది.

క్యాంపుల లెక్కపెట్టిన, ముప్పై ఏడు.
చెత్తల ఎట్ల ఏస్త?
కాయితం మీద కాలు పడితే కండ్లకద్దుకొమ్మని
మెట్‌పల్లి బడిల సారు చెవి మెలిపెట్టి నేర్పిండు.
ఏ దేవుని కాయితమో సారు చెప్పలే.

"ఏం రాసిండ్రు అండ్ల?" పక్క మంచం లసుమన్న.
సదివిన. శానా ఏండ్లకు అరక కట్టిన ఎద్దు లెక్క
నాలుక సాలు తప్పింది.
ఎవలో కాపరి, ఒక్క గొర్రె తప్పిపోతే
మందంత ఇడిసి దేవులాడ పోయిండట.
లసుమన్న పక్కున నవ్విండు.
"ఉట్టిదే! ఎడారిల మూడేండ్లు గొర్లు కాసిన.
ఒక్కటి తప్పితే కఫీల్ నా జీతం కోసిండు,
ఎవడు దేవులాడిండు?"
లైటు తీసేసినంక,
చీకట్లకెల్లి అన్నడు,
"గా గొర్రె దొరికిందా, లేదా?"

నాలుగు శుక్రారాలు ఆమె రాలే.
ఇంటికి పంపిండ్రని ఒకామె అన్నది,
ముసలమ్మకు సుస్తీ, సెలవియ్యలేదని ఇంకొకామె.
నేను రెండోదే నమ్మిన.

ఐదో శుక్రారం, ఎండ రాకముందే
మూడో బెంచీ తుడిచి
కోడి గీతలది ఒకటి పెట్టిన.
ఎందుకు పెట్టినవంటే నా కాడ జవాబు లేదు.
పది గంటలకు ఒక సన్నటి పోరి వచ్చి కూసున్నది,
కొత్తగ దిగినట్టుంది, చెప్పులింక మెరుస్తున్నయి.
పుస్తకం తెరిచింది. సదువలే.
ఒక్క అక్షరం మీద వేలు పెట్టి
అది తిరిగిన దిక్కల్లా తిప్పింది.

నేను బండి అవుతలికి మలుపుకున్న.
చక్రం కిర్రుమంటనే ఉన్నది.