గుత్తి పక్క, బళ్లారి పక్క

పదమూడు ముక్కలు చేతికొస్తే
నాకు పదమూడు కనపడవు.
ఒక గుంపు కనపడతాది,
ప్యాసింజరు ఆగినప్పుడు తలుపుకాడ తోసుకునే గుంపు.
దిగేటోళ్లెవరో ఎక్కేటోళ్లెవరో
తేల్చుకునే లోపల ఈల ఊదేస్తారు.

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
సాయంత్రం ఆరుకి ఫ్యాను కింద నాలుగు కుర్చీలు.
ముగ్గురు రిటైరైనోళ్లు, నేనొకణ్ణి పార్సిలాఫీసోణ్ణి.
నాలుగో మనిషి పోయిన్నెల చనిపోయినాడని
నన్ను పిల్చుకున్నారు.
వేరే కారణమేం లేదు.

"నాకు సదువు రాదు సార్" అంటి మొదటి దినమే.
"ఇది సదువు కాదప్పా, బ్రిడ్జి" అనె నాగిరెడ్డి సారు.
కాదని ఆయప్ప అనుకుంటాండాడు.

ఆరుని తిప్పితే తొమ్మిది.
తిప్పకపోయినా నాకు తొమ్మిదే.
కళావరూ నలుపే, ఇస్పేటూ నలుపే,
ద కీ ధ కీ మాదిరి, కింద ఏందో చిన్న తేడా అంట.
ఆ చిన్న తేడాకే
గుత్తికి పోవాల్సిన మామిడిబుట్ట
గుంటూరు పోయినాది ఒకసారి, నా చేత్తోనే.
మెమో ఇచ్చినారు.
ఆ మెమో చదివేదానికి నాకొక రాత్రి పట్టె.

"నీ ఎడమ పక్కాయన ముందు వేస్తాడు" అంటే
గడియారం ఏ చేతికుందో తడుముకోవాల నేను.
అంతలో టీ వచ్చేస్తాది.

నా ఎదురుగా కూర్చునేది ఖాజా సాబు,
ముప్పైరెండేండ్లు గూడ్సు గార్డు.
వారం దినాలు ఊరికే చూసె.
ఎనిమిదో దినం ముక్కలు పంచకముందు
వేలితో టేబులంచులు తట్టి చెప్పె:
"నేను రాయచూరు. నాగిరెడ్డి గుత్తి.
నువ్వు ధర్మవరం. డెస్మండు బళ్లారి.
ఈ వరసలోనే బండి తిరుగుతాది."

ఎడమా పోయె, కుడీ పోయె.
నిద్రలో కూత వినపడినా
అది ఏ లైనుదో చెప్తా నేను.
పాట నాదైతే బళ్లారి ముందు వేస్తాది.
రాయచూరు తన ముక్కలన్నీ పరిచి
చేతులు కట్టుకుంటాది.

అట్ల చేతులు కట్టుకున్నోణ్ణి డమ్మీ అంటారంట.
బళ్లో నా పేరు అదేలే అని నవ్వితి.
సాబు నవ్వలా.

ఆసుకి నాలుగు, రాజుకి మూడు,
రాణికి రెండు, జాకీకి ఒకటి.
టేబులు కింద వేళ్లు మడుస్తా మడుస్తా
రాణికాడ మర్చిపోయి
మళ్లా ఆసుకాణ్ణించి.
డెస్మండు ఫ్యాను చూస్తాడు.
నాగిరెడ్డి సారు దగ్గుతాడు, అది దగ్గు కాదని నాకు తెలుసు.
అయినా ఎవరూ "బిర్నా" అనరు.

నిన్న నాలుగు ఆఠీన్లు పాడితి.
ఆ గొంతు నాదేనా అనిపించె.
తురుపులు లెక్కపెడతాండా,
ఎనిమిది దాకా బాగానే వచ్చె.
ఆ తర్వాత లెక్క ఏ స్టేషన్లో దిగిపోయెనో.
గుత్తి పక్కనుంచి ఇస్పేటు రాజు పడె.
నేను కళావరు వేస్తి.

డమ్మీ మాట్లాడగూడదు.
కనుబొమ్మ గూడా కదపగూడదు.
ఒక్క ప్రశ్న మాత్రం అడగొచ్చంట, రూల్లో ఉందంట:
"ఇస్పేటు లేదా, వన్నూరప్పా?"

లేదా అనే మాట నాకు కొత్త కాదు.
బుద్ధి లేదా, సిగ్గు లేదా,
ఇంట్లో చెప్పేటోళ్లు లేరా.
వాటికి జవాబు అయ్యోరి ముందర తల వంచేదే.
వంచబోతి గూడా.
సాబు ఇంకా నా దిక్కే చూస్తాండాడు,
నిజంగా తెలియక అడిగినట్ల.

బళ్లారి వేసే లోపల
ఒక్కొక్క ముక్క బొటనవేలితో జరిపి చూసుకుంటి.
మూడాకులు, మూడాకులు, మూడాకులు,
ఒక్కాకు.

"ఉండాది" అంటి.

రెండు పట్లు తక్కువొచ్చినాయిలే.
నాగిరెడ్డి సారు గెలిచిన ఖుషీలో
ఉగ్గాని, బజ్జీలు తెప్పించె.
సాబు తన బజ్జీలో మిరపకాయ తీసి పక్కన పెట్టుకుంటా
తురుపులెన్ని పోయినాయో అప్పుడు చెప్పె.
పదకొండంట.

కలిపేది నా వంతు.
దానికి లెక్క అక్కర్లేదు, చదివేది అక్కర్లేదు.
అయినా మెల్లగానే కలిపితి.