వడగళ్ళ మర్నాడు

పోసో అమర్గో గుడికి తాళంచెవులు రెండు.
ఒకటి నా గుత్తిలో, ఇంకో మూడు గుళ్ళ చెవులతో.
రెండోది ప్రెసిలియానా గల్లేగోస్ ఏప్రన్ జేబులో,
ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు.

పదిహేను గడపల ఊరు.
న్యూ మెక్సికో మట్టి కాగిన పాలమీగడ రంగు,
దాంతోనే ఇటుక, దాంతోనే ఇల్లు, దాంతోనే గుడి.
నెలకో ఆదివారం వస్తాను,
ఎనభై మైళ్ళు, హీటరు పనిచెయ్యని టొయోటాలో.
నా స్పానిష్ విని పిల్లలు మోచేతులతో పొడుచుకుంటారు.
గుంటూరు నుంచి తెచ్చుకున్న బండి ఱ మాత్రం
వాళ్ళకి నచ్చింది.
కుక్కని పిలవమని మళ్ళీ మళ్ళీ అడుగుతారు:
పెఱ్ఱో, ఫాదర్, పెఱ్ఱో!

పీఠం మీద పునీత ఇసిద్రో,
మూరెడు కర్రమనిషి.
నీలం కోటు, నల్లటోపీ, పక్కన జత ఎడ్లు.
మేడి పట్టింది మాత్రం రెక్కల పిల్లవాడు.
స్వామి ప్రార్థనలో మునిగిపోతే
దూత దిగొచ్చి దున్నిపెట్టాడట.
మా మేనమామ వింటే అనేవాడు:
ఆ దూతకి కూలెవరిచ్చార్రా?

జూన్ నెల, శనివారం సాయంత్రం.
పన్నెండు నిమిషాలు.
నిమ్మకాయలంత వడగళ్ళు.
మిరప, మొక్కజొన్న, ఎలోయ్ వేసిన చిక్కుళ్ళు,
కాలవగట్టున ఆప్రికాట్లు,
చెట్టు కింద పచ్చివే గుట్టలుగా.

మర్నాడు నేనొచ్చేసరికి పీఠం ఖాళీ.
దుమ్ములో ఆయన నిలబడ్డ చోటు
నలుచదరంగా, శుభ్రంగా.
"దొంగలా?" అన్నాను.
"పొలానికెళ్ళాడు," అంది ప్రెసిలియానా,
మొగుడు సంతకెళ్ళాడన్నంత మామూలుగా.

తీసుకెళ్ళి చూపించింది.
మిరపమడి మధ్య, బోర్లించిన బకెట్ మీద
విరిగిన మొక్కల వైపు మొహం తిప్పి
స్వామి.
"రాత్రంతా చూశాడు. ఇంకో రాత్రి చూస్తాడు.
మే నెలలో ఊరేగించాం. పూలు కట్టాం.
నా పుంజునమ్మి కొవ్వొత్తులు కొన్నాను.
పుచ్చుకున్నవాడు లెక్క చెప్పాలా, వద్దా?"

నేను చదివిన వేదాంతంలో
దీనికో పేజీ ఉండే ఉంటుంది.
నోరు తెరిచాను. మూశాను.
పూజ ఖాళీ పీఠం ముందే సాగింది.
ప్రసంగం నాలుగు మాటలు.
ఎవరూ దగ్గను కూడా లేదు.

సాయంత్రం వెళ్ళిపోవాల్సినవాణ్ణి, ఉండిపోయాను.
ఆ ఎత్తులో జూన్ రాత్రి కూడా వణికిస్తుంది.
పదకొండింటికి టార్చి పట్టుకుని
మిరపమడికి ఎందుకు నడిచానో
బిషప్పుగారు అడిగితే చెప్పలేను.

కాలవ చప్పుడు తేడాగా ఉంది.
గట్టు తెగినచోట ఎవరో వంగి
పారతో మట్టి ఎత్తిపోస్తున్నారు.
ఎలోయ్. డెబ్బై నాలుగేళ్ళు, మార్పించుకున్న తుంటి.
నన్ను చూసి
రెండో పార ఎక్కడుందో గడ్డంతో చూపించాడు.

రెండింటికి గట్టు నిలిచింది.
స్వామి పక్కనే చతికిలబడ్డాం.
ఎలోయ్ సిగరెట్టు విరిచి సగమిచ్చాడు.
గాలికి ఒరిగిన కర్రమనిషిని
లేచి సర్దాను, చేతులు కడుక్కోకుండానే.
నీలం కోటు మీద అయిదు వేళ్ళు పడ్డాయి.

సోమవారం పొద్దున్నే ప్రెసిలియానా
ఆయన్ని చంకనెత్తుకుని గుడికి తెచ్చింది.
కోటు మీద బురద చూసింది.
గడప బయట నా బూట్లు,
చీలమండ దాకా అదే బురద.
వాటివైపు చూడనే లేదు.
"పని చేశాడు," అంది. "ఆలస్యంగా."
కొంగులాంటి ఏప్రన్ చివరతో తుడవబోయి
ఏమనుకుందో, వదిలేసి
అలాగే పీఠం ఎక్కించింది.

మిరపలో మూడోవంతు మళ్ళీ చిగిర్చింది.
ఆప్రికాట్లు ఆ ఏడు లేవు.
ఆ బాకీ ఇంకా ఆయన పేరనే ఉంది.