బెత్తెడు లూజు

ఆటోనగర్‌లో నా షెడ్డు ముందు
డీసీఎం మీంచి దాన్ని దించినప్పుడు
పక్క షెడ్ల లారీ మెకానిక్కులంతా వచ్చి నిలబడ్డారు.
ఎత్తు నడుముదాకా కూడా లేదు.
రెండే సీట్లు. పైన కప్పు లేదు.
"ఇందులో సరుకెక్కడ పెడతారు?" అన్నాడు
బాడీ బిల్డింగు సత్తార్.

యాభై తొమ్మిది మోడల్ ట్రయంఫ్.
గుంటూరు పొగాకు కంపెనీ దొర అమ్ముకుని పోతే
చల్లగుళ్ళ రత్తయ్య గారి నాన్న కొన్నాడట.
రత్తయ్య గారిది మిర్చి వ్యాపారం, వయసు డెబ్బై రెండు.
"మీరా, స్టీరింగు లూజుగా ఉందయ్యా."
పట్టుకుని ఊపి చూశాను.
ఇటు బెత్తెడు, అటు బెత్తెడు,
టైర్లకి కబురే అందదు.
పోస్టుకార్డు రాసి
జవాబు కోసం అరుగు మీద కూచున్నట్టుంది.

పాత బాక్సు విప్పాను.
బొగ్గులాంటి గ్రీజు కిరసనాయిలుతో కడిగితే
మర మీద మేకు నడిచిన దారి బయటపడింది.
మలుపులు తిరిగే రెండు కొసల్లో
ఫ్యాక్టరీ నునుపు అలాగే ఉంది.
అరిగిందంతా నడిమధ్యన,
బండి తిన్నగా పోయిన చోట.
అక్కడ బిగిద్దామంటే మలుపులో పట్టేస్తుంది,
మలుపు కోసం వదిలితే తిన్నటి దారిలో ఊగుతుంది.
ఆ మధ్యాహ్నం క్యారేజీ మూత తియ్యకుండా
దాన్నే చూస్తూ కూచున్నాను చాలాసేపు.

ర్యాకు మారుతి ఎనిమిదొందలది.
స్క్రాపులో ఏరి తెచ్చాడు ఏసుపాదం,
డ్రైవింగు స్కూలు ఎల్ బోర్డు ఇంకా ఊడని బండిదట.
ఇనప దువ్వెన,
దాని పళ్ళలో పళ్ళు పెట్టిన ఓ చిన్న చక్రం.
అంతే. మధ్యలో పెద్దమనుషులు లేరు.
లేతు పోతులూరి బ్రాకెట్లు కోశాడు,
అర మిల్లీ తేడా వస్తే తనని తనే తిట్టుకుని మళ్ళీ కోశాడు.
రేడియేటరుని రెండంగుళాలు జరిపి,
స్టీరింగు రాడ్డుని రెండు ముక్కలు చేసి
నడుమ కీలు పెట్టాం, మోచేతిలాగా.

జాకీల మీద లేపి తిప్పాను.
దాపటికి తిప్పితే వలపటికి పోయింది!
ఎడ్డెమంటే తెడ్డెం.
షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.
మారుతిలో ఇరుసు వెనకుండే దాన్ని
ఇక్కడ ఇరుసు ముందు కట్టాను మరి.
తెల్లవార్లూ విప్పి
బోర్లా పడుకోబెట్టి బిగిస్తే బుద్ధొచ్చింది.

ఆదివారం పొద్దున్నే కరకట్ట మీదికి తీసుకెళ్ళాం.
కృష్ణలో నీళ్ళు తక్కువ, ఇసక ఎక్కువ.
రత్తయ్య గారు స్టీరింగు పట్టారు, పక్కన నేను.
బండి కట్టనంతా చీపురులా ఊడ్చుకుంటూ పోయింది.
అరటిగెలల సైకిలతను
దిగి, చెట్ల వారకి తప్పుకున్నాడు.
"ఏం చేశావయ్యా దీన్ని?"

ఆయన చేతులకేసి చూశాను.
నలభై ఏళ్ళుగా ఆ బెత్తెడు లూజుని
ఇటు కాస్త, అటు కాస్త
సర్దుకుంటూ వచ్చిన చేతులు.
లూజు షెడ్డులో ఉండిపోయింది,
సర్దుకోవడం మాత్రం బండెక్కి వచ్చింది.
ఈ బండేమో
ఇప్పుడు చిటికెన వేలు కదిలినా వింటోంది.

"కొద్దిగా లూజు పెట్టరాదూ?"
"దీంట్లో ఆ వీలుండదండీ."

ఏం చెప్పాలో తెలీక
"తేజ రకం నిన్న ఎంత పలికిందండీ?" అన్నాను.
ఇక చూడు,
కోల్డ్ స్టోరేజీల్ని, దిగుమతి కూలీల్ని,
బస్తా అడుగున తాలుకాయలు కలిపిన వాణ్ణి
వరసపెట్టి తిడుతూ పోయారు.
బండి దారం కట్టి లాగినట్టు పోతోంది.
నేను చెప్పలేదు.
మందడం దాటాక ఆయనే చూసుకున్నారు.
"అరె, తిన్నగా పోతోందే!"
అనగానే మళ్ళీ ఊగింది.

పాత బాక్సు నా బల్ల మీదే ఉంది,
ఫ్యానుగాలికి బిల్లులు ఎగరకుండా.
మంచి బరువు.